చదరంగము – ఆడువారు

తెలుగున "ఆడువారు" అను మాటకు రెండర్థములున్నవి. స్త్రీలని యొకటి, ఆట యాడెడివారని యింకొకటి. వ్యాకరణవేత్తలు ఈ రెంటికిని వేఱువేఱు వ్యుత్పత్తులు చెప్పుదురు గాని, మన యిండ్ల వసారాలలో చూచినచో ఈ రెండర్థములును ఒక్కచోటనే కూర్చుండి కనబడును. వామనగుంటల పీటముందు చింతపిక్కలు లెక్కించువారెవరు? అష్టాచెమ్మాకు నేలపై సుద్దతో గళ్లు గీయువారెవరు? ముక్కోటి ఏకాదశినాటి జాగరమునకు వైకుంఠపాళి పటము పఱచువారెవరు? మగవారు పేకముక్కలు చేతబట్టిన పిదప, పూర్వపు టాటలను మఱవక కాపాడుకొని వచ్చినది ఇంటి ఆడువారే. అయినను చదరంగపు బల్ల తెచ్చి నడుమ పెట్టగానే మనలో పెక్కండ్రు "అది మగవారి యాట, మనకేల" యని లేచి పోవుచుందురు. ఈ మాటకు ఆధారమెంత కలదో చూడవలెనని కొన్ని పుస్తకములు తిరుగవేసితిమి. తెలిసిన సంగతులను సోదరీమణులతో చెప్పుకొనుచున్నాము.

ఆటబల్ల మనుష్యజాతికి నిన్న మొన్నటి వస్తువు కాదు. ఇరాకు దేశమున "ఊర్" అను ప్రాచీననగర మొకటి కలదు. పేరు వినగానే మన యూరే యనిపించును గాని దానికిని దీనికిని చుట్టఱికము లేదు. అచ్చట 1922 మొదలు 1934 వఱకు లెనార్డ్ వూలీ యను ఆంగ్లేయపండితుడు త్రవ్వకములు జరిపించెను. రాజకుటుంబములవారి సమాధులలో నగలు, వీణలు, బంగారుపాత్రలు దొరకినవి; వానితోపాటు ఆటబల్లలును దొరకినవి. ఆలుచిప్పలతోను నీలపురాళ్లతోను పొదిగిన యా బల్లలకు ఇరువదేసి గళ్లు. వాని వయస్సు రమారమి నాలుగువేల యైదువందల యేండ్లు. బల్ల దొరకెను గాని ఆట తీరు చెప్పువారు లేకపోయిరి. బాబిలోనియాలో క్రీ.పూ. 177వ సంవత్సరమున వ్రాయబడిన మట్టిపలక యొకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నుండెను. అచ్చటి పండితుడు అర్వింగ్ ఫింకెల్ దానిని చదివి, ఆ యాట నియమములు అందు గలవని కనిపెట్టెను.

మాకు ఇంతకంటెను వింతగా తోచిన సంగతి యింకొకటి. అదే పోలికగల ఇరువదిగళ్ల యాటను మన కేరళములోని కొచ్చి యూదులు ఇరువదవ శతాబ్ది నడిమివఱకును ఆడుచుండిరి. కొచ్చినుండి ఇశ్రాయేలు దేశమునకు వలసపోయిన యొక వృద్ధురాలు, తాను చిన్ననాడు ఇంటి స్త్రీలతో గూడి ఆ యాట ఆడితినని ఆ పండితునకు చెప్పినదట. రాజులతోపాటు పూడ్చిపెట్టిన యాట ఒక ముసలమ్మ జ్ఞాపకమున మిగిలియుండుట చూచితిరా!

ఈజిప్టు దేశపు రాణి నెఫెర్తారి సమాధిని 1904లో కనిపెట్టిరి. దాని గోడమీద క్రీ.పూ. పదుమూడవ శతాబ్దినాటి చిత్రము కలదు. అందు రాణి పీఠముపై కూర్చుండి, బల్లపై చేయి చాచి, "సెనెత్" అను ఆట యాడుచున్నది. ఎదుట నెవ్వరును లేరు. విధితోనే యాడుచున్నదని పండితుల వ్యాఖ్యానము.

ఇక మన దేశమునకు వత్తము. సింధునదీతీరపు పురాతననగరములలో పాచికలు దొరకినవి. ఋగ్వేదము పదవ మండలములో జూదరి విలాపమే ఒక సూక్తము కలదు. అందలి పాచికలు తానికాయలు. వానిని దొర్లించి సర్వము పోగొట్టుకొన్నవాడు, భార్య దూరమైనదనియు తల్లి దుఃఖించుచున్నదనియు ఏడ్చును. జూదమునుగూర్చి వ్రాసిన పాతగ్రంథములలో స్త్రీ మొదట కనబడునది ఈ విధముననే: ఆట యాడినది మగవాడు, అన్నములేక కూర్చుండినది ఇంటియామె.

భారతమున సంగతి ఇంకను ఘోరము. ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్నును ఓడి, కడపట ద్రౌపదిని పణముగా నొడ్డెను. తన్ను ముందుగా నోడెనా, నన్ను ముందుగా నోడెనా యని ఆమె యడిగిన ప్రశ్నకు భీష్మునంతటివాడు సూటిగా ప్రత్యుత్తర మీయలేకపోయెను. ఆ తఱువాత విరటుని కొలువులో ధర్మరాజు కంకుభట్టు వేషమున పాచికలే యాడుచుండెను. విరటుడు కోపించి పాచికతో కొట్టగా ఆయన ముఖమున నెత్తురు కాఱెను. అది నేలబడకుండ పట్టినది సైరంధ్రియైయున్న ద్రౌపదియే. ఓడినప్పుడు పణమైనదియు ఆమె, దెబ్బ తగిలినప్పుడు ఆదుకొన్నదియు ఆమె. నలుని కథ చదివినప్పుడు మాత్రము మా మనస్సు కొంత కుదుటబడును. పుష్కరుడు దమయంతిని ఒడ్డుమని రెచ్చగొట్టినను, సర్వమునోడిన నలుడు ఆ పని చేయలేదు. కట్టుబట్టతో లేచిపోయెను.

అయితే పాచికలాట యెక్కడనైన ఇట్లేనా? కాదు. స్కాందపురాణమున శివపార్వతులు పాచికలాడుదురు. పార్వతి గెలుచును, పరమేశ్వరుడు తన యాభరణములన్నియు ఓడిపోవును. ఎల్లోరా గుహలలో ఈ యాటను శిల్పులు రాతిమీద మలచిరి. కైలాసమున స్త్రీ యాడునది. హస్తినాపురమున స్త్రీ యొడ్డబడునది. పాచికలు రెండుచోట్లను అవియే, కూర్చుండిన స్థలమే వేఱు. మా చిన్ననాడు పురాణము చెప్పిన పెద్దలు జూదము పాపమని బోధించిరే గాని ఈ భేదమును ఎత్తి చూపలేదు. మేమైతే పిల్లలకు రెండు కథలును ఒకదానివెంట ఒకటి చెప్పుచున్నాము.

స్త్రీ పణముగా నుండుట చాలక, పావుగా నున్న చోటును కలదు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు పాదుషా కోటలోని రాతిముంగిటిమీద పచ్చీసు గళ్లు నేటికిని ఉన్నవి. పాదుషా మేడమీద కూర్చుండి, రంగురంగుల చీరలు కట్టిన దాసీలను పావులుగా నిలిపి ఆడెడివాడని చెప్పుదురు. ఆ యెండలో, ఆ యెఱ్ఱరాతిమీద, ఎవరి పందెము పడునాయని ఎదురుచూచుచు నిలిచిన యాడుపిల్లల కాళ్ల సంగతి వ్రాసినవారు మాత్రము లేరు. ఆ పచ్చీసే పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండునకు పోయి, 1896లో లూడో యను పేరు పెట్టుకొని, మరల మన పిల్లల చేతులకే వచ్చినది. వైకుంఠపాళియును అట్లే సముద్రము దాటి, పుణ్యపాపములను వదలుకొని, ఉత్త పాములు నిచ్చెనలై తిరిగి వచ్చినది.

ఇంతవఱకు చెప్పినవి చాలవఱకు పందెము పడవలసిన యాటలు. పందెము పడుట మన చేతిలో లేదు. మన పల్లెలలోని పులిజూదము అట్టిది కాదు. దాని పేరు జూదమే గాని అందు పాచిక లేదు. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకపైనుండి దూకి చంపును, మేకలు నలువైపుల మూగి పులికి కదలిక లేకుండ చేయును. పాత దేవాలయముల మండపములలో బండలమీద ఈ పటము చెక్కియుండుట సోదరీమణులు చూచియే యుందురు. చదరంగము నేర్పవలెననుకొన్న తల్లి మొదట పులిజూదము నేర్పుట మంచిదని మా యభిప్రాయము. బలహీనులు కూడినచో బలవంతుని కట్టవచ్చునని పిల్ల తన చేతితో తెలిసికొనును. ఆ పిమ్మట బంట్ల సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

చదరంగము ఏనాటిది? ఎనిమిదేసి గళ్లు గల అష్టాపదమను బల్ల దానికంటె పాతది. బౌద్ధుల బ్రహ్మజాలసుత్తమున, బుద్ధుడు దూరముగా నుంచిన వినోదములలో ఎనిమిది, పది వరుసల బల్లలమీది యాటలు పేర్కొనబడినవి. ఆ బల్లమీద రథ గజ తురగ పదాతులను నిలిపి, నడుమ రాజును మంత్రిని పెట్టి, యుద్ధముగా మార్చినది మన దేశమే. క్రీ.శ. ఆఱవ శతాబ్ది ప్రాంతమున ఉత్తరహిందూస్థానమున ఇది పుట్టినదని పెక్కుమంది చరిత్రకారుల మతము. ఏడవ శతాబ్దిలో బాణభట్టు హర్షచరిత్రమున హర్షుని రాజ్యశాంతిని వర్ణించుచు, చతురంగములను నిలుపుట యనునది అష్టాపదముల యందే కలదని శ్లేషగా చెప్పెను. సంస్కృతమున చతురంగమన్నది పారసీకమున చత్రంగ్ ఆయెను, అరబ్బులనోట షత్రంజ్ ఆయెను. రాజు చిక్కెనను అర్థమున వారు పలికిన "షా మాత్" అనుమాటయే ఐరోపాభాషలలో నేటికిని నిలిచియున్నది. మనము చక్కగా ఆటకట్టు అనుచున్నాము.

ఈ ప్రయాణమున పుట్టిన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది గింజల కథ. మొదటి గడికి ఒకటి, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున ధాన్యమిమ్మని ఆటను కల్పించినవాడు రాజు నడిగెనట. ఇంటి లెక్కలో చూతము. మొదటి వరుస ముగియునప్పటికి 255 గింజలు; పిడికిటికైన చాలవు. రెండవ వరుస ముగియునప్పటికి 65,535. అవి బియ్యమే యనుకొన్నచో కిలోకు మించును. మూడవ వరుస ముగియునప్పటికి 1,67,77,215. మూడు క్వింటాళ్లు దాటిపోవును. మొత్తము అఱువదినాలుగు గళ్లకు 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. రాజు మొదట నవ్వెనని కథ. ఏ యింటి యిల్లాలినైన అడిగియున్నచో రెండవ వరుసనే చేయి పట్టుకొని ఆపెడిది.

దానికంటె మాకు ప్రియమైన కథ మఱియొకటి కలదు. పారసీక మహాకవి ఫిర్దౌసి 1010లో ముగించిన షానామాలోనిది. హిందూదేశమున జమ్హూర్ అను రాజు మరణించెను. ఆయన భార్యను తఱువాత రాజైన మరిది పెండ్లాడెను. మొదటి భర్తవలన గవ్ అను కొడుకు, రెండవ భర్తవలన తల్హంద్ అను కొడుకు ఆమెకు కలిగిరి. ఇద్దఱును పెరిగి సింహాసనము నాదన్న నాదనిరి. ఎవ్వరికి కట్టవలెను? ఏ తల్లి చెప్పగలదు? మాటలతో తెగక యుద్ధమునకు దిగిరి. గవ్ సంధి కోరెను, తమ్ముడు వినలేదు. సేన చెదరిపోయి, చుట్టును శత్రువులు మూగి, దారి మూసికొనిపోగా తల్హంద్ ఏనుగుమీదనే, ఒంటిమీద గాయములేకయే, బడలికతోను దప్పితోను ప్రాణము విడిచెను. తల్లి పెద్దకొడుకును చూచి, తమ్ముని చంపితివని నిందించి, చితి పేర్పించుకొనెను. తాను చంపలేదని గవ్ ఎన్ని చెప్పినను ఆమె నమ్మలేదు. అప్పుడు పండితులను పిలిపించి, నల్లని మ్రానితోను దంతముతోను బల్లయు పావులును చేయించి, రాజు నలువైపుల నుండి ఎట్లు చుట్టబడునో, ఎవ్వరును కత్తి తగిలింపకయే ఎట్లు కదలిక లేనివాడగునో, తల్లిముందు పెట్టి చూపెను. ఆమె ఆ బల్లను చూచుచు, చూచుచు, రాత్రింబవళ్లు దానిమీదనే కన్నీరు విడుచుచు, కడకు అట్లే ప్రాణము విడిచెను.

ఇది చరిత్ర కాదు, కవికల్పన. కాని కల్పించిన కవి మెచ్చదగినవాడు. ఇతర కథలు పెక్కింటిలో చదరంగము రాజునకు బుద్ధి చెప్పుటకో యుద్ధము నేర్పుటకో పుట్టినది. ఈ కథలో అది ఒక తల్లికి సమాధానము చెప్పుటకు పుట్టినది. చదరంగమును చూచిన మొదటి కన్నులు స్త్రీ కన్నులని ఫిర్దౌసి మాట. మగవారి యాట యనువారు ఈ కథ నొకసారి వినవలెను.

మన సంస్కృతకవులు ఈ బల్లను ఇంకొక తీరున వాడుకొనిరి. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరకవి రుద్రటుడు కావ్యాలంకారమున ముప్పదిరెండక్షరముల శ్లోక మొకటి కట్టెను. దానిని ముప్పదిరెండు గళ్లలో వ్రాసి, వరుసగా చదివినను, గుఱ్ఱము గంతులు వేయు క్రమమున చదివినను ఒక్క శ్లోకమే వచ్చును. వేదాంతదేశికులు పాదుకాసహస్రమున అంతకంటె కష్టమైన పని చేసిరి. ఒక శ్లోకపు అక్షరములను గుఱ్ఱపు నడకతో చదివినచో దాని ప్రక్క శ్లోకము వెలువడును. ఆలంకారికులు ఇట్టి చిత్రకవిత్వమును చిన్నచూపు చూచిరి. మేమును బాల్యమున తండ్రిగారియొద్ద చదువుకొన్నప్పుడు, ఇందు రసమెక్కడ నున్నదని అనుకొన్నవారమే. కాని ఒకనాడు గుఱ్ఱమును ఏ గడిని రెండుమాఱులు తొక్కకుండ బల్లయంతయు త్రిప్పవలెనని కూర్చున్నప్పుడు, ఇది మెలికల ముగ్గు కాక మఱేమని తోచినది. చుక్కలన్నిటిని చుట్టవలెను, ఒక్కటియు విడువరాదు, గీత తెగరాదు. ధనుర్మాసమున తెల్లవారుజామున వాకిట పదునైదు చుక్కల ముగ్గు పెట్టు చేతికి ఈ గుఱ్ఱము లొంగదా? మా యిరుగుపొరుగు పడుచులకు ఈ మాట చెప్పి బల్ల ఇచ్చితిమి. ముగ్గు బాగుగా వచ్చినవారికే గుఱ్ఱమును త్వరగా లొంగినది.

రాజులలో పండ్రెండవ శతాబ్దికి చెందిన కల్యాణి చాళుక్యప్రభువు సోమేశ్వరుడు మానసోల్లాసమున చతురంగమును రాజవినోదములలో చేర్చి వర్ణించెను. మన తెలుగువారిలో కృష్ణదేవరాయల కొలువునందలి బొడ్డుచర్ల తిమ్మన పేరు చెప్పుకొనవలెను. ఈయన కవి, అంతకు మించి చదరంగమున అసాధ్యుడు. నూఱుగు రొక్కటై రాయలపక్షమున నిలిచినను తిమ్మనయే గెలుచునని చాటుపద్యములు పొగడుచున్నవి. రాయలు మెచ్చి కొప్పోలు గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. రాజును ఓడించి ఊరు పుచ్చుకొనుట ఆ కాలమునకే చెల్లినది.

ఇక మంత్రి కథ. మన పాత చదరంగమునను, అరబ్బుల షత్రంజ్‌లోను, రాజు ప్రక్కనుండు మంత్రి మిక్కిలి బలహీనుడు. మూలకు ఒక్క గడి మాత్రమే కదలును. ఆట ఐరోపాకు చేరిన పిదప ఆ మంత్రి స్త్రీ యాయెను. క్రీ.శ. వేయవ సంవత్సరము ప్రాంతమున స్విట్జర్లాండులోని యొక మఠమున వ్రాయబడిన లాటిను పద్యములలో ఆ పావునకు రాణి యను పేరు కనబడుచున్నది. రాజు ప్రక్కన కూర్చుండునది రాణి గదా యని వారనుకొని యుందురు. పేరు మాఱినను బలము మాఱలేదు. ఐదువందల యేండ్లు ఆ రాణియు ఒక్కొక్క గడియే నడచినది. పదునైదవ శతాబ్ది చివర, స్పెయినుదేశమున ఇసబెల్లా రాణి యేలుచుండిన కాలముననే, వలెన్సియా పట్టణప్రాంతమున ఆట నియమములు మాఱినవి. రాణి అన్ని దిక్కులకును, ఎంతదూరమైనను పోవచ్చుననిరి. 1497లో లుసేనా యనువాడు సలమాంకాలో అచ్చువేయించిన పుస్తకమున ఈ క్రొత్త తీరు వివరింపబడినది. బల్లమీది పావులన్నిటిలో బలమైనది స్త్రీయే యయ్యెను. ఇసబెల్లాను చూచియే ఇట్లు మార్చిరని కొందఱందురు. ఆ వాదమెట్లున్నను, ఈ మార్పు అందఱకును నచ్చలేదనుటకు సాక్ష్యము కలదు. ఫ్రెంచివారును ఇటలీవారును ఈ క్రొత్త యాటకు పెట్టిన పేరు "పిచ్చియెత్తిన దొరసాని చదరంగము". ఒక్క గడి నడచినంతకాలము ఆమె దొరసానియే. బల్లయంతయు నడచినంతనే పిచ్చిదాయెను! ఈ మాట మన వీథులలో వినని స్త్రీ యుండునా?

తెలుగున మనము ఆ పావును మంత్రి యనియే పిలుచుచున్నాము. ఇంగ్లీషుబడులలో చదువు పిల్లలు "క్వీన్" అనుచున్నారు. రాణి యని మార్చవలెనా యని మా వారితో చిన్నవాదము జరిగినది. రాణియగుటకు రాజును పెండ్లాడవలెను, మంత్రి యగుటకు బుద్ధియుండిన చాలునని మేమంటిమి. మంత్రిపదవి ఇప్పుడు స్త్రీలకును కలదు గనుక పేరు మార్చుట యనవసరమని మా యింట తీర్మానమైనది.

బల్లమీద స్త్రీ కింత బలము వచ్చినది గాని, బల్లప్రక్కన కుర్చీ దొరకుట అంత సులభము కాలేదు. మేమెఱిగిన యొక పల్లెటూరి బడిలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఉండెను. సాయంకాలము మా వసారాలో ఆడుచు, ఆ బడిలోని మగపిల్లల నందఱను ఓడించెను. జిల్లాపోటీలు వేఱొక పట్టణమున జరుగవలసియుండగా, రెండురాత్రు లుండవలెనని చెప్పి బడివారు బాలుని పంపిరి; ఆ బాలుడు ప్రతిదినమును ఆ పిల్లచేత ఓడినవాడే. పిల్ల నోరెత్తలేదు. తల్లిని కదపి చూచితిమి. "గెలిచొచ్చినా రేపు పొయ్యిమీద పెట్టవలసింది చారే కదా, పంతులమ్మగారూ" అన్నది. కోపమున అన్నమాట కాదది. దానివెనుక భయమున్నది. తోడు ఎవరు పోవుదురు, ఎక్కడ పండుకొందురు, నలుగురు ఏమందురు? ఇవి కల్పితభయములని కొట్టివేయుట మావల్ల కాలేదు. మఱుసటియేడు ఆ తల్లియే, పొలముపని రెండుదినములు మానుకొని, పిల్ల వెంట పోయినది. పిల్ల రెండవ యాటలోనే ఓడినది. తిరిగి వచ్చునప్పుడు బస్సులో, ఏనుగును అట్లు జరిపియుండకూడదని తల్లికి చెప్పుచునే యున్నదట. తల్లికి ఆట రాదు. అయినను వినుచునే వచ్చినదట. ఇప్పుడు ఆ తల్లియు పావుల నడకలు నేర్చుకొనుచున్నది.

బయటిలోకమున స్త్రీలు బల్లయొద్దకు వచ్చిన చరిత్ర నూఱేండ్లకంటె చాల పెద్దది కాదు. 1927లో లండనులో జరిగిన మొదటి స్త్రీల ప్రపంచపోటీలో, మాస్కోలో పుట్టిన వీరా మెంచిక్ గెలిచెను. 1929లో కార్ల్‌స్‌బాదు పట్టణపు పోటీకి ఆమెను పిలిచినప్పుడు, ఆమెచేత ఓడినవారందఱును "వీరా మెంచిక్ సంఘము"లో సభ్యులుగా చేరవలెనని బెకర్ అను ఆటగాడు పరిహాసమాడెను. మొదటి సభ్యుడు ఆయనయే యయ్యెను. తఱువాత ఆ సంఘమున పేరుపొందిన పురుషులు చాలమంది చేరిరి. 1944లో లండనుమీద పడిన జర్మనుబాంబువలన ఆమె మరణించెను.

మన దేశపు స్త్రీ కథ అంతకంటె హృదయమును కదలించును. 1933లో బ్రిటిష్ స్త్రీల పోటీ హేస్టింగ్సు పట్టణమున జరిగెను. అందు గెలిచినది ఫాతిమా యను భారతీయ. ఆమె పంజాబు జమీందారుడగు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఇంట పరిచారిక. యజమాని వెంట ఇంగ్లండు పోయినది. ఆ యింటివాడే యగు సుల్తాన్ ఖాన్ అదే యేడు పురుషుల బ్రిటిష్ పోటీని మూడవమాఱు గెలిచెను. ఫాతిమా ఒక్క యాటయు నోడక గెలిచినది. యజమాని స్వదేశమునకు మరలగా ఆమెయు మరలినది. ఆ పిమ్మట ఏ పోటీలోను ఆమె పేరు కనబడదు. ఫతేపూరులో దాసీలు పావులైన దేశముననే ఒక దాసి ఆటగత్తె యయ్యెను. కాని ఆమెకు రెండవ ఆట లేకపోయెను.

మన తెలుగునాట కృష్ణాజిల్లా గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి తండ్రియొద్ద ఆట నేర్చి, 2002లో, పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందెను. మన దేశపు స్త్రీలలో ఆమెయే మొదటిది. అప్పటికి లోకములో అంత చిన్నతనమున ఆ బిరుదు పొందిన స్త్రీ వేఱొకతె లేదు. హంగేరీదేశపు జూడిత్ పోల్గార్ 1991లో నెలకొల్పిన హద్దును ఈమె దాటెను. 2017లో బిడ్డను కని కొంతకాలము ఆటకు దూరముగా నుండెను. తల్లి యైన పిదప ఇక నేమాడునని అనుకొన్నవారుందురు. 2019లో మాస్కోలో శీఘ్రచదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. 2024లో న్యూయార్కులో మరల అదే గెలుపు గెలిచెను. గుంటూరున పుట్టిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరయ్యెను. 2022లో చెన్నై సమీపమున మామల్లపురములో ఒలింపియాడు జరిగినప్పుడు, నిండు నెలలతో వచ్చి బల్లముందు కూర్చుండెను. మన స్త్రీల జట్టు కంచుపతకము గెలిచెను. 2024లో బుడాపెస్టున బంగారుపతకము గెలిచిన జట్టులోను ఆమె కలదు. సీమంతపు గాజులు వేసికొని గంటలకొలది కదలక కూర్చుండుట యెట్టిదో పురుషులకు చెప్పినను తెలియదు, మనకు చెప్పనక్కఱలేదు.

2025 జూలైలో జార్జియాదేశపు బతూమి పట్టణమున స్త్రీల ప్రపంచకప్పు చివరిపోటీ జరిగెను. బల్లకు ఇటువైపు హంపి, వయస్సు ముప్పదియెనిమిది. అటువైపు నాగపురపు దివ్యా దేశ్‌ముఖ్, వయస్సు పందొమ్మిది. మొదటి రెండాటలును సమముగా ముగిసినవి. తఱువాతి శీఘ్రపుటాటలలో దివ్య గెలిచి, ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టరయ్యెను. ఎవరు గెలువవలెనని కోరుకొందుము? తెలుగుబిడ్డ యని హంపి పక్షమున నుండవలెను, చిన్నది యని దివ్య పక్షమున నుండవలెను. మా యింట పిల్లలు రెండు పక్షములై పోయిరి.

ఆ యాటల యెత్తులన్నియు సెల్‌ఫోనులో దొరకుచున్నవి. దసరా సెలవులలో మధ్యాహ్నభోజనములైన పిదప, గిన్నెలు కడిగి బోర్లించి, వానిని కాగితముమీద ఎత్తి వ్రాసికొని, మా బల్లమీద ఒక్కొక్క యెత్తే జరిపి చూచితిమి. చివరి యాటలో హంపి మంత్రిని ఇంకొకచోట నిలిపియుండినచో ఏమగునని మా పెద్దపిల్ల పట్టుపట్టినది. మేము కాదంటిమి. మా వారు బడినుండి తెచ్చిన దిద్దవలసిన పుస్తకములు ప్రక్కన పెట్టి తామును కూర్చుండిరి. ఆ తగవు ఇంకను తెగలేదు. పావులు అట్లే యున్నవి.